పదహారో వారం

మే 19, సోమవారం

ప్రిన్సిపాల్ గదిలో మీటింగ్. ఏసీ పని చేయదు, కిటికీ తెరిస్తే వడగాలి. కొత్త పోర్టల్ వస్తోందట. మా సొసైటీ కాలేజీలు రెండూ, ఇక్కడ కరీంనగర్‌ది, అక్కడ ఆదిలాబాద్‌ది, జూన్ పన్నెండు నుంచి కొత్తదాంట్లోనే నడవాలి. పాఠాలు, వీడియోలు, అసైన్‌మెంట్లు, హాజరు — అన్నీ. పాతదాన్ని జూన్ పదిన సాయంత్రం ఐదుకు మూసేస్తారు.

రెండు కాలేజీల తరలింపు పని ఎవరు చూస్తారని అడిగితే అందరూ బిస్కెట్ల ప్లేటు వైపు చూశారు. "బాటనీ మేడం జేస్తది. ఆమెకు ఓపిక ఎక్కువ" అని ప్రిన్సిపాలే తేల్చేశారు. నాకు ఓపిక లేదన్న సంగతి ఇరవై ఏళ్లుగా ఎవరికీ తెలియకపోవడం నా తప్పే.

తల ఊపాను. ఊపుతూ ఉంటే ఒకటే ఆలోచన. మరి పదహారో వారం ఏమవుతుంది?

మే 20, మంగళవారం

"ఇదే ఖాతా మరొక చోట తెరిచినందున మీరు బయటకు వచ్చారు."

మధ్యాహ్నం మూడూ పది. తెర మీద ఎర్ర అక్షరాలు. అంటే ఆదిలాబాద్‌లో విఠల్ సార్ వచ్చి కూర్చున్నారు.

లాక్‌డౌన్ రోజుల్లో సొసైటీ సబ్జెక్టుకు ఒక్క లాగిన్ మాత్రమే ఇచ్చింది. బాటనీకి ఇక్కడ నేను, అక్కడ ఆయన. ఇద్దరికీ ఒకటే తాళంచెవి. ఒకరు లోపల ఉండగా రెండోవారు వస్తే మొదటివారిని పోర్టల్ బయటకు తోసేస్తుంది. మొదట్లో ఎంత తిట్టుకున్నానో. ఓసారి సగం కొట్టిన ప్రశ్నపత్రం మొత్తం పోయింది. ఫోన్ చేసి కడిగేశాను. "తప్పయింది మేడం, జర సూసుకోలే" అన్నారు. ముఖం కూడా తెలియదు అప్పటికి.

ఆ తర్వాత ఆయనే ఓ వేళ పెట్టుకున్నారు. రోజూ మూడూ పదికి. ఆ టైముకు నా పని అయిపోయి ఉంటుందని. నా పని రెండున్నరకే అయిపోతుంది. అయినా తెరిచే ఉంచుతాను. నన్ను తోసేసేదాకా.

ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. నలభై నాలుగేళ్ల మనిషిని, రోజూ ఒకరు తోసేస్తారని ఎదురు చూస్తున్నాను.

మే 22, గురువారం

పాస్‌వర్డ్ "రేల".

జూన్ టర్ములో పాస్‌వర్డ్ నేను పెట్టాలి, డిసెంబర్ టర్ములో ఆయన. ఎవరూ అనుకుని పెట్టిన పద్ధతి కాదు, అలా పడిపోయింది. పువ్వు పేరే ఉండాలి. ఆ టర్ము లోపల పూసేదై ఉండాలి. నావి గునుగు, తంగేడు, కట్ల పువ్వు. ఆయనవి మోదుగ, ఇప్ప, బూరుగ. పువ్వు పూయగానే ఎవరి ఊళ్లో వారు ఫొటో తీసి పదహారో వారంలో పెట్టాలి. ఏప్రిల్‌లో ఆయన రేల ఫొటో పెట్టారు. చెట్టు కనిపించదు, అంతా పసుపే. కింద ఒక వాక్యం: "ఈసారి చాలా పూసింది మేడం, చూడవలసింది."

చూడవలసింది అన్నారు. చూడ్డానికి రండి అనలేదు.

మే 23, శుక్రవారం

పదహారో వారం గురించి రాసి పెట్టుకోవాలి, వచ్చే నెల ఉంటుందో లేదో కనుక.

మా కోర్సు పదిహేను వారాలు. పాత పోర్టల్ మాత్రం ప్రతి కోర్సుకూ పదహారు గళ్లు ఇచ్చింది. చివరి గడి ఖాళీ. దాన్ని పిల్లలకు కనబడకుండా దాచి పెట్టాము, పక్కన మూసిన కన్ను గుర్తు. అందులో మొదట రాసింది ఆయనే.

"మేడం, మూడో వారంలో వేరు అడ్డుకోత బొమ్మ తలకిందులుగా ఉంది. సరిచేసిన."

నేను కింద రాశాను: "గుండ్రటి అడ్డుకోతకు తల ఎక్కడుంటుంది సార్?"

రెండు రోజులకు జవాబు: "ఉండదు మేడం. ఏదో ఒకటి రాయాలని రాసిన."

అంతే. అక్కడే మొదలైంది. నాకైతే అక్కడే.

ఐదేళ్లు. ఆదిలాబాద్ చలి గురించి, కుళాయి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు మొద్దుబారడం గురించి ఆయన. మా అవ్వ కంటి ఆపరేషన్ గురించి నేను. ఎండబెట్టిన ఆకులు బూజు పట్టకుండా ఏం చేయాలో ఆయన. పోయిన చలికాలం ఒక రోజు: "ఆయి పోయింది. ఎనిమిదో వారం క్విజ్ మీరు పెట్టండి." నేను మా అమ్మను అవ్వ అన్నట్టే వాళ్లమ్మను ఆయి అనే అంటారు, బాపు మహారాష్ట్రలోని చాందా నుంచి బొగ్గు గనికి వచ్చిన మనిషి, ఇంట్లో మరాఠీ. ఆ కబురు కింద నేను రాసింది ఒక్క ముక్క. "పెట్టాను."

పెట్టాను! అంతకంటే మాట దొరకలేదు నాకు. ఇప్పటికీ అది చూస్తే సిగ్గుతో చచ్చిపోతాను.

మే 24, శనివారం

కంపెనీ నుంచి అనూష అనే అమ్మాయి వచ్చింది, హైదరాబాద్ నుంచి. చురుకైన పిల్ల. రెండు కాలేజీల పాఠాలన్నీ వరుసకు ఒకటిగా పెద్ద షీట్ చేసింది. ప్రతి వరుస చివర ఒక గడి. అందులో "తేవాలి" అనో "వద్దు" అనో ఆ సబ్జెక్టువాళ్లు నింపాలి.

"ఖాళీగా వదిలేస్తే మేడం, అది రాదు. మళ్లీ తర్వాత అడిగినా మేమేం చేయలేం" అంది.

మాది 212వ వరుస. "16వ వారం, దాచినది."

"ఇందులో ఏముంది మేడం?"

"పనికి సంబంధించినవి."

"చూసుకోండి మరి. కొత్తదాంట్లోకి వెళ్లేటప్పుడు దాచినవి ఒక్కోసారి తెరుచుకుంటాయి. పిల్లలకి కనపడిపోతాయి."

చేతిలో చాయ్ గ్లాసు కిందపెట్టాను. ఫస్టియర్ పిల్లలు "ఆయి పోయింది" చదవడం. "పెట్టాను" చదవడం. నవ్వడం.

గడి ఖాళీగా ఉంచాను. ఇది నా ఒక్కదానిది కాదు. సగం ఆయనది. ఆయన కూడా చూస్తారు షీట్, ఆయనే నింపనీ.

మే 26, సోమవారం

అనూష పరేషాన్. నా కంప్యూటర్‌లో కూర్చుని బాటనీ కాపీ చేస్తుండగా మూడూ పదికి తోసేసింది, చేసినదంతా మొదటికి వచ్చింది. "ఆ ఆదిలాబాద్ సార్‌కి చెప్పండి మేడం, పదో తారీఖు దాకా లోపలికి రావద్దని. ప్లీజ్."

నేనే ఫోన్ చేశాను. నా చేత్తో నేనే.

"సార్, జూన్ పది దాకా మీరు లాగిన్ కావద్దట."

అటు ఎక్కడో లారీ హారన్. "సరే మేడం. మీరు చెప్పినంక ఎందుకొస్త."

మే 27, మంగళవారం

మూడూ పది. మూడూ ఇరవై. నాలుగు. ఎవరూ తోయలేదు.

మే 28, బుధవారం

తోయలేదు. ఎంత మాట వినే మనిషి! ఒళ్లు మండిపోతోంది.

మే 29, గురువారం

రెండేళ్ల కింద పేపర్లు దిద్దే క్యాంపుకు ఆయన ఇక్కడికి వచ్చారు. ఆరు రోజులు. అప్పుడే మొదటిసారి చూడటం. నేననుకున్నంత పొడుగు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న భూతద్దం. పక్క పక్క టేబుళ్లు. ఒక రోజు సర్వపిండి తీసుకెళ్లాను, పల్లీలు ఎక్కువ వేసి. ఒక్క ముక్క తిని, రెండోది కాగితంలో చుట్టుకున్నారు. "ఆయికి సూపెడ్త. గిది ఆమెకు తెల్వది."

ఆయనది ఎప్పుడో తెగిపోయిన పెళ్లి. నాది కుదరకుండానే దాటిపోయిన పెళ్లి. ఇద్దరికీ ఇంట్లో ఒక్కో ముసలి మనిషి. ఇవన్నీ ఆ ఆరు రోజుల్లో మాటల మధ్య వాటంతటవే తెలిశాయి, ఎవరూ అడగలేదు.

చివరి రోజు కరీంనగర్ బస్టాండ్. నిర్మల్ మీదుగా పోయే బస్సు. మెట్టు మీద ఒక కాలు పెట్టి అడిగారు, "మీరు మా దిక్కు ఎన్నడన్న వస్తరా మేడం?"

"ఏదన్నా పని పడితే వస్తా సార్."

పని పడితే! ఎంత తెలివిగా చెప్పాననుకున్నాను అప్పుడు. ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. రెండేళ్లలో ఒక్క పనీ పడలేదు.

మే 31, శనివారం

ఇక ఆగలేక ఫోన్ చేశాను.

"సార్, షీట్ చూస్తున్నారా?"

"చూస్తున్న మేడం. మొత్తం నింపిండ్రు గదా."

"ఒకటి ఖాళీ ఉంది."

"ఔను."

"ఏం చేద్దామంటారు?"

ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది అటు. "మీ ఇష్టం మేడం."

"తెరుచుకుంటే పిల్లలకు కనపడొచ్చట."

"గట్లనా. అయితే మీ ఇష్టం మేడం. మీకు ఇబ్బంది గావద్దు."

మీ ఇష్టం. మీ ఇష్టం! నా ఇష్టం ఏమిటో తెలియకనా ఈ మనిషికి? తెలిసి అంటున్నారా? ఇబ్బంది నాకు కావద్దు అంటే తనకు ఉండటం ఇష్టమా, పోవడం ఇష్టమా? మంచితనంతో మనిషిని ఇంత ఏడిపించొచ్చని ఇప్పుడే తెలిసింది. "సరే సార్, చూద్దాం" అని పెట్టేశాను.

చూద్దామట. నేను మాత్రం ఏం తక్కువ.

జూన్ 2, సోమవారం

సెలవు. అవ్వ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఏం పని చేస్తున్నావే కాలేజీల ఇన్ని దినాలు, అని అడిగింది. పాత పెట్టెలోంచి కొత్త పెట్టెలోకి పాఠాలు మారుస్తున్నాం అని చెప్పాను.

"మగ్గం మీద పడుగు పోగులు అయిపోతే మేం జేసేటోల్లం గట్లనే" అంది. సిరిసిల్లలో ఉన్నప్పుడు బాపు మగ్గం నడిపితే అవ్వ నూలు కండెలు చుట్టేది. "పాతది మొత్తం కోసి పారెయ్యం బిడ్డా. పాత పోగు కొసకు కొత్త పోగు కొస ముడేస్తం. వేల పోగులు. ఒక్కొక్కటి. మీ బాపు ఓ కొసకు, నేనో కొసకు కూసునేది. పొద్దంత ఒక్క మాట గూడ ఉండకపోయేది."

"మాట లేకుంటే ఎలా తెలిసేది, ఎంతవరకు వచ్చారని?"

"తెల్వకేం? ఆయన పోగు వట్టి గుంజితే నా సేతికి తెలుస్తది."

తర్వాత చిక్కుడుకాయ వైపే చూస్తూ: "మూడు గొట్టంగనే నువ్వు గడియారం దిక్కు సూస్తున్నవ్. ఎవ్వలు రావాల్నే?"

"ఎవరూ లేరవ్వా."

కంటి ఆపరేషన్ చేయించింది నేనే.

జూన్ 4, బుధవారం

కామర్స్ సార్ ఫైళ్లు యాభై. పేర్లు: "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్", "ఇదే ఫైనల్". ఏది తేవాలి సార్ అంటే అన్నీ తీసుకురమ్మన్నారు. హిందీ మేడం తన మనవరాలి పుట్టినరోజు వీడియో వ్యాకరణ పాఠంలో పెట్టి మూడేళ్లయింది, పిల్లలెవరూ చెప్పలేదు. అంటే ఎవరూ తెరవలేదు. అనూష పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను.

అందరూ అన్నిటికీ "తేవాలి" కొడుతున్నారు. పనికిరాని చెత్తకంతా చోటు ఉంది.

జూన్ 6, శుక్రవారం

షీట్ తెరిచి ఉంది. ఎవరైనా చూస్తుంటే వాళ్లు ఏ గడి మీద ఉన్నారో ఆ గడి చుట్టూ రంగు గీత వస్తుంది, పక్కన పేరు.

మూడూ పదికి ఆకుపచ్చ గీత. విఠల్.

పైన ఎక్కడో కాదు. తిన్నగా 212వ వరుస మీదికి వచ్చింది. చివరి గడి మీద ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను, నిజంగానే. ఒక నిమిషం. రెండు. ఒక్క అక్షరం పడితే చాలు, అది "వ" అయినా "తే" అయినా...

నాలుగు నిమిషాలు ఉంది. వెళ్లిపోయింది. గడి ఖాళీ.

నా గీత ఏ రంగులో కనిపిస్తుందో ఆయనకు? నేనూ అదే వరుస మీద ఉన్నాను అప్పుడు. చూసే ఉంటారు. ఇద్దరం ఒకే గడి మీద, చెరో ఊళ్లో, చేతులు కట్టుకుని.

జూన్ 9, సోమవారం

"మేడం, ఒక్క రో ఖాళీ ఉంది, 212. ఏం పెట్టను?" అనూష.

"ఉండనీ. రేపు చెప్తా."

ఆ పిల్ల వెళ్లాక పదహారో వారం మొదటి నుంచి చదివాను. కాపీ చేసి నా దగ్గర పెట్టుకోవచ్చు, రెండు నిమిషాల పని. చేయి పోయింది కూడా. కానీ అడగకుండా ఆయన మాటలు తీసుకుని దాచుకోవడం ఏమిటి? దొంగతనంగా వద్దు. ఆయనకు కావాలని ఉంటే, ఉంచండి మేడం అని ఒక్క ముక్క అనాలి. ఆ ముక్కే నాకు కావాలి. మిగతా ఐదేళ్ల మాటలు దాని ముందు ఎంత.

పట్టుదల అని తెలుసు. తెలిసి కూడా.

జూన్ 10, మంగళవారం

రెండున్నరకే వచ్చి కూర్చున్నాను. కాపీ పని నిన్ననే అయిపోయింది, ఇక ఆయన వచ్చినా పోయేది ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పి రప్పించుకుంటే అది రావడం ఎలా అవుతుంది?

మూడూ పది. రేపటి నుంచి ఈ ఎర్ర అక్షరాలు ఉండవు. ఒక్కసారి. చివరిసారి తోసేయండి సార్.

మూడున్నర. నాలుగు. ల్యాబ్ బయట ఎవరో నీళ్ల డ్రమ్ము దొర్లిస్తున్నారు. నాలుగున్నర. అనూష మెసేజ్: "212 మేడం?" జవాబు ఇవ్వలేదు. నాలుగూ యాభై.

ఐదుకు తెర తెల్లబడింది. "ఈ సేవ నిలిపివేయబడింది." నన్ను బయటకు తోసింది ఎవరూ కాదు. గడియారం.

ఏడుపొచ్చింది. ల్యాబ్‌లో ఎవరూ లేరు, ఏడ్చాను.

జూన్ 11, బుధవారం

ఏమీ లేదు రాయడానికి.

జూన్ 12, గురువారం

కొత్త పోర్టల్ మొదలు. ప్రిన్సిపాల్ కొబ్బరికాయ కొట్టారు, కంప్యూటర్ కీబోర్డు మీద కుంకుమ.

ఎవరి లాగిన్ వారిదే. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వారికే. జూన్ టర్ము కనుక అలవాటు కొద్దీ పువ్వు పేరు కొట్టాను, "పట్టుకుచ్చు". తీసుకోలేదు. ఇంగ్లిషు అక్షరాలు కావాలట, అంకె కావాలట, మధ్యలో ఏదో గుర్తు కావాలట. చివరికి ఏం పెట్టానో నాకే గుర్తు లేదు, కాగితం మీద రాసుకున్నాను. చెప్పుకోవడానికి మాత్రం ఎవరున్నారు.

మూడూ పదికి ఎవరూ రారు. వచ్చినా నాకు తెలియదు. నేను సాయంత్రం దాకా ఒక్కదాన్నే లోపల, హాయిగా. ఇంత హాయి ఎవరు అడిగారు?

జూన్ 13, శుక్రవారం

ఆయన ఫోన్. ఓటీపీ రావడం లేదని. నంబరు తప్పు పడింది, సరిచేశాను. రెండు నిమిషాల పని. పెట్టేయలేదు ఆయన.

"పాతది బందయింది గదా మేడం."

"అయింది సార్."

"పదహారో వారం తెచ్చిండ్రా?"

"లేదు సార్. మీరు నింపుతారని చూశాను."

"మీరు నింపుతరని నేను చూసిన." కొంచెం ఆగి, "నేను నింపితే మీకు మొహమాటమైతదని..."

"ఖాళీగా ఉంటే పోతుందని తెలుసు కదా సార్?"

"తెలుసు."

"నాకూ తెలుసు."

తర్వాత ఆయన, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లగా: "మొన్న ఆఖరి రోజు నేను గూడ కంప్యూటర్ ముంగటనే కూసున్న మేడం. మూడు గంటల సంది. పేరు కొట్టిన, రేల అని కొట్టిన. బటన్ ఒక్కటే నొక్కలే."

"ఎందుకు?"

"నొక్కితే మీరు బయట పడ్తరు గదా. మీరు వద్దన్నరు."

నేనేమన్నానో గుర్తు లేదు. "సరే సార్, ఏదన్నా ప్రాబ్లం ఉంటే చెప్పండి" అన్నట్టున్నాను. కంపెనీ వాళ్లలాగా.

కూర్చుని ఉన్నారట. రేల అని కొట్టి. ఐదు దాకా. ఇక్కడ నేను, అక్కడ ఆయన.

జూన్ 14, శనివారం

ప్రిన్సిపాల్ పిలిచి, ఆదిలాబాద్ వాళ్లకు కొత్త పోర్టల్ మీద ట్రైనింగ్ ఇవ్వాలి, సోమవారం నువ్వే పోయి రా అన్నారు.

పని పడింది! రెండేళ్లకు. మెట్లు దిగుతుంటే నాకు నేనే నవ్వుకున్నాను, అటెండరమ్మ "ఏమైంది మేడం, ప్రమోషనా?" అని అడిగింది. సర్వపిండికి బియ్యప్పిండి పట్టించాను. పల్లీలు, నానబెట్టడానికి శెనగపప్పు. నీలం చీర ఇస్త్రీకి.

జూన్ 15, ఆదివారం

"ఎండలో అంత దూరం ఎందుకమ్మా, వీడియోలనే జెప్పేద్దాం" — ఫోన్ చేసి ప్రిన్సిపాల్. దయగల మనిషి. నా చుట్టూ ఉన్నవాళ్లంతా దయగలవాళ్లే.

పిండి డబ్బాలో పోసి మూత పెట్టాను. అవ్వ చూసింది.

జూన్ 16, సోమవారం

వీడియో ట్రైనింగ్. తెర మీద పాతిక చిన్న గళ్లు, కింది వరుసలో విఠల్ సార్. చెవుల దగ్గర జుట్టు బాగా నెరిసింది. జేబులో భూతద్దం ఉందో లేదో కనబడలేదు.

అందరికీ చెప్పాను: ఆహ్వానం మెయిల్ ఎక్కువగా స్పామ్‌లో పడుతుంది, అక్కడ వెతుక్కోండి అని. ఓటీపీ ఎలా, హాజరు ఎలా. చివర్లో సందేహాలు అడగమన్నాను. ఆయన చెయ్యి ఎత్తారు.

"మేడం, కొత్తదాంట్ల ఇద్దరు ఒక్కపారి లోపల ఉండొచ్చా?"

"ఉండొచ్చు సార్. ఒకరిని ఇంకొకరు తమ కోర్సులోకి ఆహ్వానిస్తే."

"ఎవ్వలు బయట పడరా?"

"పడరు."

"మంచిదే మల్ల" అన్నారు. పాతికమంది ముందు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నేను నీళ్ల సీసా కోసం కిందికి వంగి, కాసేపు అక్కడే ఉన్నాను.

జూన్ 17, మంగళవారం

కొత్త పోర్టల్‌లో ఎన్ని వారాలు చేసుకుంటే అన్నే. పదిహేనే ఉన్నాయి నా కోర్సులో. పదహారోది నేనే చేశాను. కన్ను మూశాను, పిల్లలకు కనబడకుండా, మూడుసార్లు సరిచూసుకుని.

అందులో రాయడానికి గంట పట్టింది. ముందు అడ్డుకోత మీద ఏదో చతురోక్తి రాశాను, చెరిపేశాను. ఆయి గురించి రాశాను. ఎనిమిదో వారం అప్పుడు రాయాల్సింది, ఆలస్యంగానైనా. అది ఉంచాను. దాని కింద:

"పని ఏమీ పడలేదు సార్. ఆదివారం వస్తున్నాను."

తర్వాత సహ అధ్యాపకుడిగా ఆయన పేరు పెట్టి ఆహ్వానం పంపాను. పక్కన ఒక మాట వచ్చింది. "పెండింగ్."

జూన్ 18, బుధవారం

పెండింగ్.

జూన్ 20, శుక్రవారం

పెండింగ్. స్పామ్‌లో పడి ఉంటుంది. స్పామ్‌లో చూడండి అని పాతికమందికి చెప్పిన నోరు, ఆయన ఒక్కరికి ఫోన్ చేసి చెప్పలేకపోతోంది. లేక చూసి, ఆలోచిస్తున్నారా? చూసి, నాకు ఇబ్బంది కావద్దని ఊరుకున్నారా? ఈయన అంత పనీ చేయగలరు.

ఆదివారం రాకుండా ఉంటే బాగుండు. త్వరగా వస్తే బాగుండు.

జూన్ 21, శనివారం

పెండింగ్.

సర్వపిండి పొద్దున్నే చేయాలి. ఇప్పుడే పప్పు నానబెట్టాను. పని మీద పోతున్నవా బిడ్డా, అని అడిగింది అవ్వ. ఈసారి అబద్ధం ఆడలేకపోయాను. "కాదవ్వా" అన్నాను.

చాలాసేపు నా ముఖం చూసింది. "అయితే పో" అంది.

జూన్ 22, ఆదివారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకర.

పది గంటలకు ఎక్కాను. కిటికీ సీటు, ఒళ్లో స్టీలు డబ్బా, అప్పటికి ఇంకా వెచ్చగానే ఉంది. జగిత్యాల దాకా అయిదు నిమిషాలకోసారి ఫోన్ చూశాను. పెండింగ్. నిర్మల్‌లో బస్సు ఆగింది. దిగి, ఎదురు బస్సు ఎక్కి వెనక్కి పోదామని ఒక కాలు లేచింది. కూర్చున్నాను.

ఘాట్ రోడ్డు. సిగ్నల్ పోయింది, ప్రాణం కొంచెం తెరిపిన పడింది. రెండు వైపులా అడవి. రేల చెట్లు గుర్తుపట్టాను. పూలు ఎప్పుడో అయిపోయాయి, పొడుగు కాయలు వేలాడుతున్నాయి, ఆకుపచ్చవి.

ఘాట్ దిగాక కండక్టర్ వచ్చి అడిగాడు, "ఆదిలాబాద్‌ల ఏడ దిగుతరు మేడం?"

ఆయన ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. చలి తెలుసు, కుళాయి నీళ్లు తెలుసు, ఆయి మంచం ఏ కిటికీ పక్కన ఉండేదో తెలుసు. వీధి పేరు ఐదేళ్లలో ఒక్కసారి అడగలేదు. కాలేజీకి ఈ రోజు తాళం.

"జర ఆగు అన్నా, అడిగి చెప్తా" అన్నాను.

సిగ్నల్ వచ్చింది, రెండు గీతలు. పోర్టల్ తెరవలేదు. ఆయన నంబరు తీసి పట్టుకున్నాను. గడియారం చూసుకున్నాను, మూడూ పది కావస్తోంది. ఈసారి బటన్ నేను నొక్కుతాను.